కమ్మరి కుమారుడు మైకేల్ ఫారడే

నేడు కోనసీమలో కొబ్బరితోటల నడుమనున్న ఇండ్ల కప్పులమీదను, రాజమహేంద్రవరమున మేడలమీదను నల్లని నీలిరంగు పలకలు ఎండలో మెరయుచు అక్కడక్కడ కనబడుచుండును. అవి సూర్యుని వెలుగును విద్యుచ్ఛక్తిగా మార్చు పలకలు. ప్రతి పలకలోను సిలికాను అను మూలపదార్థముతో చేసిన పలుచని బిళ్ళలు వరుసలుగా అమర్చబడియుండును. ఒక్కొక్క బిళ్ళ మందము మిల్లీమీటరులో సుమారు ఆరవవంతు మాత్రమే. సిలికాను గట్టిది, గాజువలె పెళుసైనది. అట్టి దిమ్మెను అరటికాయను చక్రములుగా తరిగినట్లు పలుచగా తరుగుట సామాన్యమైన పని కాదు. ఏ కత్తియు దాని నట్లు కోయజాలదు.

దానిని కోయునది ఒక తీగ. ఆ తీగ తలవెండ్రుకవలె సన్ననిది. దాని లోపల నున్నది ఉక్కు. ఉక్కుమీద వజ్రపుధూళి అంటియుండును. ఆ ధూళిని ఉక్కునకు పట్టియుంచునది నికెలు అను లోహపు పూత. ఆ పూతను పూయునది విద్యుత్ప్రవాహము. యంత్రముపై పెక్కు వరుసలుగా చుట్టిన ఈ తీగ మిక్కిలి వేగముగా పరుగెత్తుచు సిలికాను దిమ్మెను ఒక్కమారుగా పెక్కు బిళ్ళలుగా కోయును. ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టించిన దినములలో కొండరాతిని సుత్తితోను, ఉలితోను, తుపాకిమందుతోను పగులగొట్టవలసి యుండెను. నేడు పాలరాతి గనులందు కొండరాతిని సైతము వజ్రములు పొదిగిన తీగలు కోయుచున్నవి.

ఉక్కు, వజ్రము, విద్యుత్ప్రవాహము అను ఈ మూడును ఒక్కచోట కలసిన తీగను కాటన్ కాలమువా రెవ్వరును ఎరుగరు. అయినను ఆ మూటిని వేర్వేరు సమయములందు తన చేతులతో పరీక్షించి చూచిన మహనీయు డొకడు ఆ కాలముననే లండన్ నగరమున నుండెను. ఆయనయే మైకేల్ ఫారడే.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండన్ పొలిమేరలోని న్యూవింగ్టన్ బట్స్ అనుచోట జన్మించెను. తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి. తల్లి మార్గరెట్. తండ్రి తరచు జబ్బుపడుచుండుటచే కొలిమి నిత్యము మండెడిది కాదు. కొలిమి చల్లారిన దినమున పొయ్యియు చల్లారును. ఆ కుటుంబము గుర్రపుబండ్ల శాలపైనున్న ఇరుకుగదులలో కాపురముండెను. 1801లో ధాన్యపు ధర మిన్నుముట్టినపుడు తొమ్మిదేండ్ల మైకేలునకు వారమునకు ఒక్క రొట్టె మాత్రమే లభించెను. ఆ రొట్టెతోనే బాలుడు వారమంతయు గడపవలసియుండెను.

అతనికి బడిలో లభించిన చదువు స్వల్పము. చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు చేయుట మాత్రమే అతడు నేర్చుకొనెను. 1804లో, తన పదుమూడవ యేట, రీబో అను పుస్తకముల వర్తకునివద్ద పనిపిల్లవాడుగా చేరి ఇంటింటికి వార్తాపత్రికలు చేరవేయుచుండెను. మరుసటి సంవత్సరము రీబో అతనిని పుస్తకములు కుట్టి అట్టలు కట్టు పనిలో శిష్యునిగా చేర్చుకొనెను. పేదవాడని యెరిగి రుసుము పుచ్చుకొనలేదు. ఆ పని నేర్చుకొనుటకు ఏడేండ్లు పట్టెను.

పుస్తకములు కుట్టువారు పెక్కురు కలరు. కుట్టుచు వానిని చదువువారు అరుదు. ఫారడే చేతికి వచ్చిన పుస్తకము నెల్ల చదువసాగెను. ఒకనాడు అట్టకట్టుటకు వచ్చిన విజ్ఞానసర్వస్వపు సంపుటములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని కంటబడెను. జేన్ మార్సెట్ అను విదుషీమణి రసాయనశాస్త్రమును గూర్చి వ్రాసిన పుస్తకమును కూడ అతడు చదివెను. చదివినదానిని చదివినట్లు నమ్ముట అతని స్వభావము కాదు. తన కొద్దిపాటి సంపాదనలో మిగిలిన పైసలతో సామగ్రి కొని, పుస్తకములో చెప్పినది జరుగునో లేదో తానే చేసి చూచుకొనుచుండెను. 1810లో తండ్రి మరణించెను. అన్న రాబర్టు తండ్రివలెనే కమ్మరి. శాస్త్రోపన్యాసములు వినవలెనన్న ఒక్కొక్కదానికి ఒక షిల్లింగు చెల్లింపవలసియుండెను. కొలిమిలో చెమటోడ్చిన అన్నయే ఆ షిల్లింగును తమ్మున కిచ్చి పంపెను.

1812 జూలైలో ఫారడే ఒక చిన్న పరికరమును నిర్మించెను. అర్ధపెన్నీ రాగినాణెములు ఏడింటిని, ఆ పరిమాణముననే కత్తిరించిన జింకు బిళ్ళలు ఏడింటిని తీసికొని, ఉప్పునీట తడిపిన కాగితపుముక్కలను వాని నడుమ నుంచి ఒకదానిపై నొకటి పేర్చెను. వోల్టా అను ఇటలీ శాస్త్రజ్ఞుడు కనుగొనిన విద్యుద్ఘటమాలకు అది చిన్న రూపము. దానినుండి వచ్చిన ప్రవాహముతో మెగ్నీషియము సల్ఫేటు అను లవణపు ద్రావణమును అతడు విడగొట్టగలిగెను. ఇరువదియొక్కటవ యేడు నిండని యువకుడు నాణెములతో చేసిన ఆ ప్రయోగమే అతని జీవితమునకు దారి చూపెను.

ఆ సంవత్సరముననే అదృష్టము అతని తలుపు తట్టెను. పుస్తకాలయమునకు వచ్చుచుండిన ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ చేయనున్న ఉపన్యాసములకు ప్రవేశపత్రముల నిచ్చెను. డేవీ ఆనాటి యూరపులో పేరుమోసిన రసాయన శాస్త్రజ్ఞుడు. విద్యుత్ప్రవాహముచేత సోడియము, పొటాసియము అను లోహములను మొట్టమొదట వేరుచేసినవాడు. ఫారడే వసారాలో కూర్చుండి నాలుగు ఉపన్యాసములను విని, ప్రతి విషయమును వ్రాసికొనెను. ఇంటికి వచ్చి వానిని శుభ్రముగా తిరుగవ్రాసి, పటములు గీసి, తన చేతులతో కుట్టి, అట్టకట్టి, ఆ గ్రంథమును డేవీకి పంపెను. పుస్తకములు కుట్టు విద్య ఈ విధముగా ఫలించెను. 1813వ సంవత్సరము మార్చి 1వ తేదీన ఫారడే రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రయోగశాల సహాయకుడుగా నియమింపబడెను. వారమునకు 25 షిల్లింగుల జీతము, పై అంతస్తులో రెండు గదులు, బొగ్గు, కొవ్వొత్తులు అతనికి లభించెను.

ఆ శరత్కాలమున డేవీ యూరపు యాత్రకు బయలుదేరి ఫారడేను వెంటబెట్టుకొనిపోయెను. సేవకుడు రానందున ఆ పనులును ఫారడే చేయవలసివచ్చెను. డేవీ భార్య అతనిని పనివానివలెనే చూచెను. ఆ అవమానము అతని మనస్సును మిక్కిలి నొప్పించెను. తిరిగి పోవుదమా యని కూడ తలంచెను. కాని నేర్చుకొనవలెనను కోరిక అవమానముకంటె బలవత్తరమైనది. అతడు సహించి నిలిచెను. పారిసు నగరమున ఆంపేరును, మిలాను నగరమున వృద్ధుడైన వోల్టాను కన్నులార చూచెను.

1814 మార్చిలో వారు ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున నుండిరి. అచటి ప్రభువునకు గొప్ప కటకమొకటి కలదు. దానితో సూర్యకిరణములను ఒక్క బిందువునకు చేర్చి, ఆమ్లజని నింపిన గాజుబుడ్డిలో నుంచిన వజ్రముపై ప్రసరింపజేసిరి. కొంతసేపటికి వజ్రము నిప్పుకణికవలె వెలిగి, తరిగి, మాయమయ్యెను. మిగిలినది బొగ్గుపులుసు వాయువు మాత్రమే. వజ్రమును బొగ్గును ఒకే మూలపదార్థమని లావోషియే మున్నగువారు అంతకుముందే చూపియుండిరి. డేవీ, ఫారడేలు ఆ సత్యమును మరల రుజువుచేసిరి. పదునెనిమిదవ శతాబ్దమున బ్రెజిల్ దేశమున వజ్రములు దొరకువరకు ప్రపంచమునకు వజ్రముల నిచ్చిన ప్రధానస్థానము భారతదేశమే. అందును కృష్ణాతీరముననున్న కొల్లూరు గనులు లోకప్రసిద్ధములు. రాజులు కిరీటములలో ధరించిన ఆ రత్నమును కొలిమిలోని బొగ్గునకు తోబుట్టువుగా కమ్మరి కుమారుడు కన్నులార చూచెను.

1815లో వారు లండనుకు తిరిగివచ్చిరి. కొంతకాలమునకు ఫారడే దృష్టి ఉక్కుమీదికి మరలెను. స్టోడార్ట్ అను కత్తుల తయారీదారు భారతదేశపు ఉక్కు శ్రేష్ఠతను ఎరిగినవాడు. ఆ ఉక్కును ఇంగ్లీషువారు వూట్జ్ అనిరి. ఆ పదము తెలుగు, కన్నడములలోని ఉక్కు అను మాటనుండియే పుట్టెనని పండితులు తలంతురు. గోదావరి పరీవాహక ప్రాంతమున నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము గ్రామమునకు పారశీక వర్తకులు వచ్చి అట్టి ఉక్కును కొనుకొనిపోయెడివారు. 1818 మొదలు 1822 వరకు ఫారడే, స్టోడార్ట్‌లు ఆ ఉక్కు రహస్యమును తెలిసికొనుటకై శ్రమించిరి. వెండి, ప్లాటినము మున్నగు లోహములను ఉక్కులో కలిపి చూచిరి. భారతీయ ఉక్కు గొప్పతనమునకు అందలి అల్యూమినియము కారణమని ఫారడే ఊహించెను. ఆ యూహ సరియైనది కాదని తరువాత తేలెను. మిశ్రలోహములు వర్తకమున నిలువలేదు. ఆ పరిశ్రమయంతయు వ్యర్థమైనట్లు కనబడెను. కాని ఆయన చేసిన ఉక్కుముక్కలు ఒక పెట్టెలో భద్రముగా నుండెను. నూరేండ్ల పిమ్మట రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అను లోహశాస్త్రజ్ఞుడు వానిని పరీక్షించి, మిశ్రమ ఉక్కులను పరిశోధించిన ఆద్యులలో ఫారడే ఒకడని లోకమునకు చాటెను.

1821లో ఫారడే సారా బర్నార్డ్ అను యువతిని వివాహమాడెను. ఆ సంవత్సరముననే విద్యుత్ప్రవాహముచేత తీగ అయస్కాంతము చుట్టు తిరుగునట్లు చేసి చూపెను. నేటి విద్యుత్ మోటారులకు అది బీజము. ఆయన కీర్తి పెరిగినకొలది గురువైన డేవీ మనస్సు కలతచెందెను. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఫారడే పేరు వచ్చినపుడు, ఆ సంఘమునకు అధ్యక్షుడైన డేవీ వ్యతిరేకించెను. అయినను ఒక్క ఓటు తప్ప తక్కిన వన్నియు ఫారడేకు లభించెను. ఫారడే గురువును గూర్చి పరుషముగా మాటలాడలేదు. తనకు దారి చూపిన చేతిని ఆయన జీవితాంతము మరువలేదు. 1831లో అయస్కాంతమును తీగచుట్టలో కదలించి విద్యుత్తును పుట్టించు మార్గమును కనుగొనెను. నేడు జలవిద్యుత్ కేంద్రములలోను, బొగ్గు విద్యుత్ కేంద్రములలోను తిరుగు యంత్రము లన్నియు ఆ సూత్రముపై నడచుచున్నవి.

తరువాత ఆయన, నాణెములతో ఆడుకొనిన నాటి ప్రశ్నకు మరలివచ్చెను. ద్రావణమున విద్యుత్తు ప్రవహించినపుడు లోహము ఒకవైపున వచ్చి చేరుచున్నది. ఎంత విద్యుత్తునకు ఎంత లోహము చేరును? ఈ ప్రశ్నకు అంతవరకు ఎవ్వరును స్పష్టమైన సమాధాన మీయలేదు. ఫారడే తూచెను. మరల తూచెను. పాత్రలను మార్చి, పలకలను మార్చి, ప్రవాహమును హెచ్చించి తగ్గించి, ప్రతిమారును తూచి వ్రాసికొనెను. 1833, 1834 సంవత్సరములలో రెండు నియమములను ప్రకటించెను. చేరు లోహపు బరువు ప్రవహించిన విద్యుత్తు పరిమాణమును బట్టియుండుననునది మొదటిది. ఒకే పరిమాణముగల విద్యుత్తు వేర్వేరు పదార్థములను వాని రసాయన తుల్యభారముల నిష్పత్తిలో విడదీయుననునది రెండవది. వెవెల్ అను పండితుని సలహా తీసికొని ఆనోడు, కాథోడు, అయాను అను క్రొత్తపదములను శాస్త్రమునకు ఇచ్చెను.

ఈ నియమముల బలము ఒక ఉదాహరణమువలన తెలియును. ఒక ఆంపియరు ప్రవాహము ఒక గంటసేపు సాగి, అదంతయు లోహమును చేర్చుటకే వినియోగపడినచో, వెండి ద్రావణమునుండి సుమారు 4.02 గ్రాముల వెండియు, సామాన్య రాగి ద్రావణమునుండి సుమారు 1.19 గ్రాముల రాగియు, నికెలు ద్రావణమునుండి సుమారు 1.09 గ్రాముల నికెలును పలకపై చేరును. పాత్ర చిన్నదైనను, పెద్దదైనను, లండనులో నున్నను, రాజమహేంద్రవరములో నున్నను ఈ లెక్క మారదు. కంటికి కనబడని విద్యుత్తును ఫారడే తరాజులో తూచినట్లయ్యెను.

ఈ విద్య శీఘ్రముగానే పరిశ్రమగా మారెను. 1840లో బర్మింగ్‌హామ్ నగరపు ఎల్కింగ్టన్ వర్తకులు వెండిపూత, బంగారుపూత పనికి హక్కుపత్రమును పొందిరి. 1844లో వూల్‌రిచ్ అనునతడు అదే నగరమున, ఫారడే కనుగొనిన అయస్కాంత సూత్రముపై యంత్రమును నిర్మించి, దాని విద్యుత్తును లోహపుపూతకు వినియోగించెను. మన ఆంధ్రదేశమున మచిలీపట్టణమునందలి చిలకలపూడి బంగారుపూత నగలకు పేరెన్నికగన్నది. అచటి నగకు మెరుగు నిచ్చు విద్యయు ఈ కోవకు చెందినదే.

ఈ సంపద యంతయు పెరుగుచుండగా దానికి మూలపురుషుడైన ఫారడే ఏమి సంపాదించెను? కర్మాగారములకు సలహాలిచ్చి, వస్తువులను పరీక్షించి ఆయన ఒకప్పుడు సంవత్సరమునకు వేయి పౌనులవరకు గడించెను. అట్లే సాగినచో కోటీశ్వరుడై యుండెడివాడు. కాని ఆ పని తన పరిశోధనల కాలమును హరించుచున్నదని గ్రహించి క్రమముగా దానిని విడిచిపెట్టెను. తాను కనుగొనిన వానికి హక్కుపత్రములు పొందలేదు. ప్రభుత్వమువారు ఇవ్వజూపిన సర్ బిరుదమును స్వీకరింపలేదు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని రెండుమారులు వలదనెను. క్రిస్మసు సెలవులలో బాలబాలికలకు ఉపన్యాసములు చేయుట మాత్రము ఆయనకు పరమానందము. 1827 మొదలు 1860 శీతకాలమువరకు పందొమ్మిది పర్యాయములు ఆ ఉపన్యాసమాలలను నిర్వహించెను.

అమితమైన శ్రమ ఆయనను విడువలేదు. 1839 ప్రాంతమున ఆరోగ్యము చెడెను. తల తిరుగుటయు, మరపును ఆరంభమయ్యెను. నిన్న చేసిన ప్రయోగము నేడు గుర్తుండెడిది కాదు. శాస్త్రజ్ఞునకు అంతకంటె కష్టమేమి కలదు? కాని ఫారడే చిన్నతనమునుండియు ప్రతి పనిని వ్రాసికొనుట అలవరచుకొనినవాడు. తన ప్రయోగముల దినచర్యలో పేరాలకు వరుసగా సంఖ్యలు వేయుచుండెను. 1862లో వ్రాసిన చివరి పేరా సంఖ్య 16,041. మరపు వచ్చినపుడు ఆ పుటలే ఆయనకు జ్ఞాపకశక్తియై నిలిచెను. 1845లో అయస్కాంతము కాంతిపై చూపు ప్రభావమును కనుగొనినపుడు, పూర్వము ఆయన దూరదర్శినులకై శ్రమపడి చేసి, ఆనాడు అక్కరకురాని గాజుముక్కయే ఆ ప్రయోగమునకు తోడ్పడెను.

1858లో రాణీ విక్టోరియా హాంప్టన్ కోర్టువద్ద ఆయన నివాసమునకు ఒక గృహమును ఇచ్చెను. అచటనే 1867వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన ఫారడే కన్నుమూసెను. రాజులను, మహాపురుషులను ఖననము చేయు వెస్ట్‌మినిస్టర్ ఆలయము ఆయన కోరలేదు. హైగేటు శ్మశానమున సామాన్యుని సమాధివలెనే ఆయన సమాధి కలదు.

ఫారడే మరణించిన వందేండ్లకు పిమ్మట, ఆయన విడివిడిగా పరిశీలించిన మూడు వస్తువులును ఒక్క తీగలో కలసినవి. 1954లో అమెరికా దేశమున బొగ్గుపదార్థమును గొప్ప ఒత్తిడికి, వేడిమికి లోనుచేసి కృత్రిమముగా వజ్రమును తయారుచేసిరి. వజ్రము బొగ్గు వేరుకావను సత్యము ఈ విధముగా కర్మాగారమున రుజువయ్యెను. అటుపిమ్మట వజ్రపుధూళి పనిముట్లకు చౌకగా లభింపసాగెను. దానిని ఉక్కుతీగకు అంటించు పనియే మిగిలెను. ఆ పని చెప్పినంత సులభము కాదు.

మొదటి చిక్కు శుభ్రత. తీగపై చమురుగాని, తుప్పుగాని అణుమాత్రమున్నను నికెలు పట్టదు. పట్టినను పొరలుగా ఊడిపోవును. కావున తీగను క్షారములోను, ఆమ్లములోను కడిగి, ముందుగా పలుచని నికెలు పొర నొకదానిని పూయుదురు. రెండవ చిక్కు వజ్రము స్వభావము. అది విద్యుత్తును ప్రసరింపనీయదు. అందుచే పెక్కు కర్మాగారములలో వజ్రపురేణువులకే ముందుగా రసాయన విధానమున లోహపుపూత వేయుదురు. ఆ పూత ఎక్కువైనచో రేణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్దలు కట్టును. ముద్దలున్న తీగ కోసినచోట లోతైన గీతలు పడును.

మూడవ చిక్కు రేణువుల పంపిణీ. అవి తొట్టిలోని ద్రావణమున అడుగునకు దిగిపోవును. కలియబెట్టుచుండవలెను. తీగపై రేణువులు పలుచబడినచో కోత మందగించును. దట్టమైనచో కోసిన పొడి బయటికి పోవుటకు చోటుండదు. నాలుగవది పూత మందము. పూత పలుచనైనచో వజ్రము రాలిపోవును. మందమైనచో వజ్రము నికెలులో మునిగిపోయి కోయుటకు మొన మిగులదు. ఎంత పూత కావలెనో అంతయే చేరుటకు ప్రవాహమును, తీగ తొట్టిలో గడపు కాలమును లెక్కకట్టవలెను. ఆ లెక్కకు ఆధారము ఫారడే మొదటి నియమమే.

అన్నిటికంటె కఠినమైన చిక్కు మరియొకటి కలదు. ప్రవాహమంతయు నికెలునే చేర్చదు. కొంత భాగము ఉదజని వాయువును పుట్టించును. ఉదజని పరమాణువులు ఉక్కులోనికి చొచ్చుకొనిపోయి, దానిని పెళుసుగా చేయును. ఉక్కు ఎంత బలమైనదో ఆ ప్రమాదమంత హెచ్చు. పని త్వరపెట్టవలెనని ప్రవాహమును హెచ్చించినచో పూత గరుకెక్కి బుడిపెలు కట్టును; ఉదజనియు హెచ్చును. కొన్ని కిలోమీటర్ల పొడవుగల తీగలో ఒక్కచోట లోపమున్నను, కోత నడుమ తీగ తెగిపోవును. ఖరీదైన సిలికాను దిమ్మె చెడిపోవును. అందుచే ద్రావణపు ఆమ్లగుణమును, వేడిమిని నిరంతరము పరీక్షింతురు. కొన్నిచోట్ల పూతపూసిన తీగను వేడిచేసి లోపల చొచ్చిన ఉదజనిని వెడలగొట్టుదురు. రాగి, జింకు మున్నగు లోహముల లేశము ద్రావణములో కలసినను పూత చెడును గనుక ద్రావణమును వడగట్టి శుద్ధిచేయుచుందురు.

ఈ పనిలో తొందర పనికిరాదు, ఊహ చాలదు. శుభ్రపరచుట, తూచుట, వ్రాసికొనుట, మరల తూచుట అనునవియే ఇందులోని ఉపాయములు. ఇవన్నియు ఫారడే నడచిన త్రోవలే. ఆ తొట్టిప్రక్క నిలిచిన పనివాడు ఒకవైపును ఆనోడు అనియు, రెండవవైపును కాథోడు అనియు పిలుచును. అవి ఫారడే శాస్త్రమున నెలకొల్పిన పేర్లు.

ఫారడే తన జీవితమున ఇట్టి తీగను చూడలేదు, ఊహింపనైన లేదు. ఫ్లారెన్సులో వజ్రము కాలినపుడు, ఉక్కుముక్కలు పెట్టెలో పెట్టి మూసినపుడు, తరాజుపై లోహమును తూచినపుడు, ఇవి మూడును ఒకనాడు కలసి ఇండ్లకు వెలుగు తెచ్చునని ఆయన ఎరుగడు. ఎదుటనున్న పనిని నిజాయితీతో చేసి, కనుగొనినదానిని వ్రాసియుంచెను. కోనసీమలోని ఇంటికప్పుపై ఎండకు మెరయు ప్రతి పలకలోను కమ్మరి కుమారుని ఓర్పు కొంత దాగియున్నది.